లోడీ గార్డెన్‌లోని కట్టడాలను ఏ వరుసలో, ఎలా చూడాలి

దక్షిణ ఢిల్లీలోని లోడీ గార్డెన్‌కు వెళ్లేవారిలో చాలామంది ఉదయపు నడకకోసమో, శీతాకాలపు ఎండలో పచ్చికమీద కూర్చోవడానికో, ఫొటోలకోసమో వెళతారు. ఆ ఫొటోల్లో వెనక కనిపించే గుమ్మటాలు ఎవరివి, వాటిలో ఏది ముందు కట్టారు, ఏది తర్వాత కట్టారు అన్న ప్రశ్న చాలామందికి తట్టదు. నిజానికి ఈ తోటను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిస్తే ఢిల్లీని ఏలిన సయ్యద్ వంశపు చివరి రోజుల నుంచి అక్బరు కాలం దాకా ఢిల్లీ కట్టడాల కళ ఎలా మారుతూ వచ్చిందో వరుసగా కంటికి కనిపిస్తుంది. ఎవరూ ఉద్దేశపూర్వకంగా అలా అమర్చలేదు. అయినా ఆ వరుస అలా కుదిరింది కాబట్టి, ఎటునుంచి లోపలికి వెళ్లాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, ఆగినప్పుడు ఏ భాగాన్ని చూడాలి అన్న మూడు సంగతులు ముందుగా తెలిసి ఉండటం మంచిది.

మొదటి సంగతి దారి. తోటకు చాలా గేట్లున్నాయి. మీరు మాత్రం దక్షిణాన లోడీ రోడ్డు వైపున్న గేటును ఎంచుకోవాలి. న్యూఢిల్లీ రైల్వే స్టేషన్‌లో దిగినవారు మెట్రో ఎల్లో లైన్‌లో నేరుగా జోర్‌బాగ్ స్టేషన్‌కు చేరుకోవచ్చు. సివిల్స్ శిక్షణకోసం కరోల్‌బాగ్, రాజేంద్రనగర్ ప్రాంతాల్లో ఉంటున్న మన విద్యార్థులు బ్లూ లైన్‌లో వచ్చి రాజీవ్‌చౌక్‌లో రైలు మారితే సరిపోతుంది. జోర్‌బాగ్ స్టేషన్ నుంచి గేటు దాకా నడవవచ్చు, లేదంటే ఆటో ఎక్కవచ్చు. ప్రవేశానికి టికెట్ లేదు. అక్టోబరు నుంచి మార్చి దాకా వాతావరణం అనుకూలంగా ఉంటుంది. అయితే డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మంచు దట్టంగా కమ్మి గుమ్మటాలు సగమే కనిపిస్తాయి కాబట్టి, ఆ నెలల్లో కాస్త ఎండ వచ్చాక వెళ్లాలి. ఎండాకాలంలోనైతే సూర్యోదయ సమయానికే గేటు దగ్గర ఉండాలి. మంచినీళ్ల సీసా, నడకకు అలవాటైన చెప్పులు, రెండున్నర గంటల తీరిక ఉంటే చాలు. చిన్న బైనాక్యులర్ ఉంటే ఇంకా మంచిది. ఎందుకు కావాలో శీష్ గుంబద్ దగ్గర తెలుస్తుంది.

లోపలికి వెళ్లేముందు ఈ తోట పుట్టుక గురించి కొంత తెలుసుకోవాలి. సుమారు 90 ఎకరాల ఈ నేలలో ఒకప్పుడు ఖైర్‌పూర్ అనే ఊరుండేది, ఆ ఊరి మధ్యనే ఈ సమాధులూ ఉండేవి. బ్రిటిష్ ప్రభుత్వం ఊరిని ఖాళీ చేయించి, కట్టడాల చుట్టూ తోట వేయించి, 1936 ఏప్రిల్ 9న వైస్రాయ్ భార్య పేరిట లేడీ విల్లింగ్డన్ పార్కుగా దాన్ని ప్రారంభించింది. స్వాతంత్ర్యం వచ్చాక 1947లో దానికి లోడీ గార్డెన్స్ అన్న పేరు పెట్టారు. 1968లో జోసెఫ్ అలెన్ స్టెయిన్, గారెట్ ఎక్బో అనే ఇద్దరు రూపశిల్పులు తోటను మళ్లీ తీర్చిదిద్దారు. ఈనాడు మనం చూస్తున్న పచ్చిక, చెట్ల వరుసలు ఇరవయ్యో శతాబ్దానివి, కట్టడాలు పదిహేను, పదహారు శతాబ్దాలవి. వాటిని కట్టినప్పుడు చుట్టూ ఉన్న దృశ్యం ఇది కాదని గుర్తుంచుకుంటే చాలా అపోహలు తొలగిపోతాయి. నీడనిచ్చే ప్రతి చెట్టుకిందా ఆగినప్పుడు, అక్కడి నుంచి వెళ్లిపోవలసి వచ్చిన ఊరివాళ్లను ఒక్కసారి తలుచుకోవడం న్యాయమని నా అభిప్రాయం.

లోడీ రోడ్డు గేటు నుంచి వస్తే మొదట ఎదురయ్యేది సయ్యద్ వంశపు మూడో పాలకుడు ముహమ్మద్ షా సమాధి. దీన్ని 1444 ప్రాంతంలో ఆయన కొడుకు అలావుద్దీన్ ఆలం షా కట్టించాడు. తైమూరు 1398లో కొల్లగొట్టిన ఢిల్లీ అప్పటికింకా పూర్తిగా కోలుకోలేదు. సుల్తాను అధికారం నగరం చుట్టుపక్కలకే పరిమితమైపోయింది. ఇంత చిక్కిపోయిన రాజ్యం ఇంత నిండైన కట్టడాన్ని నిలబెట్టిందన్నది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ముందుగా కట్టడానికి కొంత దూరంలో నిలబడి దాని ఆకారం చూడాలి. ఇది ఎనిమిది పలకల కట్టడం. ప్రతి పలకకూ మూడేసి కమానులతో చుట్టూ వసారా ఉంటుంది. మూలల్లో కిందికి వచ్చేకొద్దీ వెడల్పయ్యే ఏటవాలు ఊతరాళ్లు గోడలను పట్టి నిలుపుతుంటాయి. పైన నడుమ గుమ్మటం, దాని చుట్టూ ఎనిమిది చిన్న ఛత్రీలు (స్తంభాల మీద నిలిచిన గొడుగులాంటి మంటపాలు), గుమ్మటం కొసన తామర కనిపిస్తాయి. వసారా కమానులపైన రాతి చూరు బయటికి చాచి ఉండటం కూడా గమనించాలి. ఎండనూ వాననూ ఆపే ఈ చూరు, ఛత్రీలు, తామర ఇక్కడి నేల పనివారి పనితనం నుంచి వచ్చినవే.

లోపల ఎనిమిది సమాధులున్నాయి. నడుమనున్నదే ముహమ్మద్ షాదని భావిస్తారు. అక్కడ నిలబడి తలెత్తి గుమ్మటం లోపలి వైపు చూసి, దాని ఎత్తును మనసులో పెట్టుకోవాలి. ఇది ఒకే పొరగా కట్టిన గుమ్మటం కాబట్టి బయట ఎంత ఎత్తు కనిపిస్తుందో లోపల కూడా దాదాపు అంత ఎత్తూ ఉంటుంది. సయ్యద్‌ల తర్వాత ఢిల్లీని ఏలిన లోడీ వంశపు సుల్తాను సికందర్ లోడీ సమాధి దగ్గర ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

అక్కడి నుంచి ఉత్తరానికి కొద్ది నిమిషాలు నడిస్తే తోట నడిబొడ్డున బడా గుంబద్ వస్తుంది. ఎనిమిది పలకల కట్టడాన్ని చూసి వచ్చిన కంటికి ఈ చతురస్రపు కట్టడం వెంటనే వేరుగా తోస్తుంది. ఆ కాలంలో సుల్తానులకు ఎనిమిది పలకల సమాధులు, ప్రభువులకూ ఉన్నతాధికారులకూ చతురస్రపు సమాధులు కట్టేవారని చరిత్రకారులు చెబుతారు. బయట గోడల మీద వరుసగా చెక్కిన గూళ్లు, వాటి మధ్య అడ్డంగా సాగిన రాతిపట్టీ కలిసి ఇది రెండంతస్తుల మేడ అని భ్రమింపజేస్తాయి. లోపలికి వెళితే నేల నుంచి గుమ్మటం దాకా ఒకటే గది కనిపిస్తుంది. ఈ గదిలో సమాధి లేదు. అందుకే పక్కనున్న మసీదుకు ఇది ముఖద్వారంగా కట్టినదని చాలామంది భావిస్తారు.

బడా గుంబద్ లోపల మూలలను తప్పకుండా చూడాలి. నాలుగు గోడల గది మీద గుండ్రటి గుమ్మటం కూర్చోవాలంటే నాలుగు మూలలనూ ఏదో విధంగా పూడ్చాలి. ఆనాటి మేస్త్రీలు ప్రతి మూలకూ అడ్డంగా ఒక కమాను వేసి చతురస్రాన్ని అష్టభుజిగా మార్చారు, దాని పైన ఇంకా చిన్న కమానులతో పదహారు ముఖాలు తీసి, ఆపైన వలయం నిలిపారు. కింది నుంచి పైకి నాలుగు, ఎనిమిది, పదహారు అని లెక్కపెడుతూ చూపు పైకి పోనిస్తే బరువంతా గోడల్లోకి ఎలా దిగుతోందో బొమ్మ గీసి చూపినట్టు అర్థమవుతుంది. పిల్లలతో వెళ్లినవారు ఈ లెక్కను వాళ్లచేతే పెట్టించాలి.

పక్కనున్న మసీదు హిజ్రీ 900వ సంవత్సరంలో, అంటే 1494లో, సికందర్ లోడీ పాలనలో కట్టినదని అక్కడి శాసనం చెబుతోంది. తోటంతటిలో ఎక్కువసేపు ఆగవలసిన చోటు ఇదే. అయిదు కమానుల ముఖభాగం మీద, లోపలి గోడల మీద సున్నపు గచ్చులో తీసిన లతలు, జ్యామితి రూపాలు, ఖురాన్ వాక్యాలు అల్లుకుని ఉంటాయి. అక్షరం ఎక్కడ ముగిసి తీగ ఎక్కడ మొదలైందో చెప్పడం కొన్నిచోట్ల కష్టం. రాతిని చెక్కడానికి పట్టే కాలంతో పోలిస్తే, తడిగచ్చు ఆరేలోపు పని ముగించాల్సిన చేతులకు ఎంత నిశ్చయం ఉండాలో ఆలోచించండి. గోడకు చేయి తగిలించకుండా, ఒక అడుగు దూరం నుంచి ఒక్క పలకనే అయిదు నిమిషాలు చూడండి. ఆ తర్వాత బయటికి వచ్చి మసీదు వెనకకు వెళ్లాలి. చాలామంది ఆ పని చేయరు. వెనక మూలల్లో పైకి పోయేకొద్దీ సన్నబడే బురుజులున్నాయి. వాటిని చూడగానే కుతుబ్ మీనార్ గుర్తుకొస్తుంది. మసీదుకు ఎదురుగా ఉన్న పొడవాటి కట్టడాన్ని అతిథిగృహమని అంటారు. దాన్ని ఒకసారి చూసి ముందుకు సాగవచ్చు.

బడా గుంబద్‌కు ఎదురుగా, ఉత్తరాన ఉన్నది శీష్ గుంబద్. శీష్ అంటే అద్దం. ఒకప్పుడు దీని గోడలకు పొదిగిన నీలి మెరుగుపలకలు ఎండకు అద్దాల్లా తళతళలాడేవి కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆ పలకల్లో ఇప్పుడు మిగిలినవి కొన్నే, అవీ ఎత్తున ఉన్నాయి. బైనాక్యులర్ అవసరం ఇక్కడే. ముదురు నీలం, లేత నీలం పలకల వరుసలను గుర్తించి, అవే గోడ పొడవునా సాగుతున్నట్టు ఊహించుకుంటే ఈ బూడిదరంగు రాతి తోట ఆనాడు ఎంత రంగులమయంగా ఉండేదో తెలుస్తుంది. లోపల చాలా సమాధులున్నాయి గానీ అవి ఎవరివో తేలలేదు. లోడీ వంశ స్థాపకుడు బహ్లూల్ లోడీ సమాధి ఇదేనన్న వాదన ఒకటి ఉంది. ఆయనదిగా చెప్పే మరో సమాధి చిరాగ్ ఢిల్లీలో ఉంది.

ఇంకా ఉత్తరానికి నడిస్తే ఎత్తయిన ప్రాకారం కనిపిస్తుంది. అది 1517లో మరణించిన సికందర్ లోడీకి కొడుకు ఇబ్రహీం లోడీ కట్టించిన సమాధి. దక్షిణాన ద్వారం ముందు వేదిక మీద రెండు ఛత్రీలున్నాయి. వాటిని దాటి లోపలికి వెళ్లగానే బయటి తోట సందడి తగ్గిపోతుంది. నడుమ సమాధి, చుట్టూ ఖాళీ నేల, నాలుగు వైపులా గోడ, పడమటి గోడలో నమాజు దిక్కును చూపే గూడు ఉన్నాయి. గోడల మధ్య తోటలో సమాధిని నిలిపే పద్ధతిని తర్వాత మొఘలులు హుమాయూన్ సమాధి దగ్గర ఎంతో విస్తరించారు.

సమాధి ఆకారం ముహమ్మద్ షాదానిలాగే ఎనిమిది పలకలు, మూడేసి కమానులు, వసారా. తేడాలను మీరే వెతకండి. ఇక్కడ గుమ్మటం చుట్టూ ఛత్రీలు లేవు. అసలైన తేడా మాత్రం బయటికి కనిపించదు. ఈ గుమ్మటం రెండు పొరలది. బయటి నుంచి ఠీవిగా కనిపించాలంటే గుమ్మటం ఎత్తు పెంచాలి. ఒకే పొర అయితే లోపలి గది బావిలా లోతుగా తోస్తుంది. అందుకని లోపల గదికి తగినంత ఎత్తులో ఒక పొర, దానిపైన కొంత ఖాళీ వదిలి బయటికోసం ఇంకో పొర కట్టారు. మన దేశంలో ఈ పద్ధతి కనిపించే తొలి కట్టడాల్లో ఇదొకటి. ముహమ్మద్ షా సమాధిలో మనసులో పెట్టుకున్న ఎత్తును ఇప్పుడు గుర్తు తెచ్చుకుని పోల్చి చూడండి.

హైదరాబాదువారికి ఇక్కడ ఇంకో పోలిక అందుబాటులో ఉంది. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల్లో గుమ్మటం తామర రేకుల మీద ఉబ్బెత్తుగా లేస్తుంది. లోడీల గుమ్మటం భుజాలు వంచి కూర్చున్నట్టు గంభీరంగా ఉంటుంది. గోల్కొండ రాజుల సమాధుల్లో జంషీద్ కులీది మాత్రం ఎనిమిది పలకలది. ఆ ఫొటో ఒకటి ఫోనులో ఉంచుకుని ఇక్కడ పక్కపక్కన చూస్తే దక్కను పనితనం, ఢిల్లీ పనితనం ఎక్కడ విడిపోయాయో తెలుస్తుంది.

ఈ కట్టడాలన్నీ పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. గోడల మీద పేర్లు గీకడం నేరం, దానికి రెండేళ్ల దాకా జైలు శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా చట్టంలో ఉన్నాయి. అయినా గచ్చుమీద కొత్త గీతలు పడుతూనే ఉన్నాయి. అయిదు వందల ఏళ్లు నిలిచిన తీగ ఒక్క తాళంచెవి మొనకు రాలిపోతుంది, మళ్లీ అతికించడానికి వీల్లేదు. మీ వెంట వచ్చినవారు ఆ పని చేయబోతే మొహమాటం లేకుండా ఆపండి. సమాధి రాళ్ల మీద కూర్చోకూడదు, గదుల్లో తినకూడదు. భోజనం తెచ్చుకున్నవారికి పచ్చిక ఎటూ ఉంది. కూర్చున్నప్పుడు చెట్లకేసి చూస్తే రామచిలకల గుంపులతో పాటు బూడిదరంగు కొమ్ముపిట్టలు కూడా కనిపించే అవకాశం ఉంది.

చివరిది అఠ్‌పులా. సికందర్ సమాధికి తూర్పున, నీటిమడుగు మీద ఉన్న ఈ రాతి వంతెన అక్బరు కాలంలో నవాబ్ బహదూర్ అనే ఆయన కట్టించినది. అప్పట్లో దీనికింద యమునలో కలిసే వాగు పారేది. ఎనిమిది స్తంభాలున్నాయి కాబట్టి ఆ పేరు వచ్చింది; కమానులు మాత్రం ఏడే. వంతెన మీదికి ఎక్కకముందే ఒడ్డున నిలబడి రెండూ లెక్కపెట్టుకోండి. ఎక్కిన తర్వాత అది నేరుగా కాక కొద్దిగా వంపు తిరిగి ఉందని కాళ్లకే తెలుస్తుంది. దాన్ని దాటి రాజేష్ పైలట్ మార్గ్ వైపు బయటికి వస్తే ఖాన్ మార్కెట్ మెట్రో స్టేషన్‌కు నడిచి చేరుకోవచ్చు.