మోతాదు తగ్గించండి, రోజులు తగ్గించకండి: మాల వేసేముందు డిప్రెషన్ మందులు మానదలచినవాళ్ళకి జాగ్రత్తలు

మొన్న ఆదివారం పొద్దున్నే షట్టర్ ఎత్తుతుంటే ఆటోనగర్ నుంచి ఫోను. నాలుగేళ్ళుగా నా దగ్గరే మందులు తీసుకెళ్ళే కుర్రాడు వారధి మీద బండి మీంచి పడ్డాడట. వెనక లారీ లేదు కాబట్టి బతికాడు. కాలర్ బోన్ విరిగింది. తాగలేదు, స్పీడు లేదు, హెల్మెట్ ఉంది. సాయంత్రం చూడ్డానికి వెళ్తే వాడే చెప్పాడు: "అద్దంలోకి చూద్దామని కళ్ళు పక్కకి తిప్పాను బాబాయ్. తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంది. మళ్ళీ తెలివొచ్చేసరికి రోడ్డు మీదున్నా."

మందు మానేశావా అన్నాను. "మానలేదు బాబాయ్. భవానీ మాల వేసుకుందామని తగ్గించుకుంటున్నా. రోజు మార్చి రోజు వేసుకుంటున్నా" అన్నాడు.

ఈ "రోజు మార్చి రోజు" గురించే ఇదంతా రాస్తున్నాను. విజయవాడ సూర్యారావుపేటలో 22 ఏళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను. డాక్టర్ని కాను. డాక్టర్ని అడక్కుండా మానకండి అన్న ముక్క మీకు తెలుసు, దాని మీద టైము వేస్ట్ చేయను. డాక్టర్ని అడిగాక ఆయన "మెల్లగా తగ్గించు" అంటాడు చూడండి, ఇంటికెళ్ళి ఆ "మెల్లగా"కి మనం చెప్పుకునే అర్థం దగ్గరే కొంప మునుగుతోంది.

అసలు తప్పు

పది ఉన్న స్ట్రిప్పు పది రోజుల్లో అయిపోవాలి. ఈ కుర్రాడు కిందటిసారి ఇరవయ్యో రోజున వచ్చాడు. చేతిలో డబ్బు ఆడలేదేమో అనుకున్నాను. అడగలేదు. అడిగుంటే వాడు నిలబడ్డ చోటికి ఎదురుగా, మూడో అరలో, వాడి మందే సగం పవర్‌ది ఉంది. వాడు వాడేది వెన్లాఫాక్సిన్ 75 మిల్లీగ్రాములది, అరలో ఉన్నది 37.5. డాక్టరుకి ఒక్క ఫోను చేస్తే సరిపోయేది.

రోజు మార్చి రోజు వేస్తే సగం మందే కదా వేసినట్టు అనిపిస్తుంది. లెక్క బాగానే ఉంది, ఒంటికి ఆ లెక్క తెలీదు. వెన్లాఫాక్సిన్ ఒంట్లో సగానికి పడిపోవడానికి 5 గంటలు చాలు. అది మారి తయారయ్యే రెండో రూపానికి 11 గంటలు. అంటే మధ్యలో ఒకరోజు ఎగ్గొడితే, తర్వాతి మోతాదు వేళకి లోపల మిగిలేది దాదాపు ఏమీ లేదు. అప్పుడు మళ్ళీ మొత్తం 75 పడుతుంది. మర్నాడు మళ్ళీ ఖాళీ. ఇది తగ్గించడం కాదు, వారానికి మూడు సార్లు పూర్తిగా మానేసి మూడు సార్లు మళ్ళీ మొదలుపెట్టడం.

కాలవకి నీళ్ళు తగ్గించాలంటే లాకుల దగ్గర గేటు కాస్త దించుతారు. ఒకరోజు మొత్తం ఎత్తి, మర్నాడు మొత్తం మూసేస్తే ఇటు గట్టు తెగుతుంది, అటు చివరి పొలం ఎండుతుంది.

ఇలాంటివే మిగతా మందులు చూస్తే, ఒంట్లో సగానికి పడడానికి పరాక్సెటిన్‌కి సుమారు 21 గంటలు. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్‌లకి ఒకరోజు పైచిలుకు. వాటికి దెబ్బ కాస్త నెమ్మదిగా తెలుస్తుంది, అంతే తేడా. ఫ్లూఆక్సెటిన్ ఒక్కటే వేరు. అది రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది కాబట్టి దానికి డాక్టరు రోజు మార్చి రోజు రాస్తే అర్థం ఉంది. మీ పక్కింటావిడ అలా మాని బాగుందంటే, ఆవిడది ఫ్లూఆక్సెటిన్ అయ్యుంటుంది. మీ స్ట్రిప్పు వెనక పేరు చదవండి.

మిగతా మందులకి కూడా చీటీ మీద అలా రాసిచ్చేవాళ్ళున్నారు, అబద్ధమెందుకు. అప్పుడు మర్యాదగానే అడగండి: "సార్, రోజూ వేసుకుంటూ పవర్ తగ్గించుకోవచ్చా?" ఏ డాక్టరూ దానికి కోప్పడడు. బ్రిటన్‌లో వైద్యం ఎలా చేయాలో చెప్పే నైస్ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే: విడతలుగా, ముందు మోతాదులో కొంత వంతు చొప్పున తగ్గించాలి, కిందికి వచ్చేకొద్దీ ఆ వంతు ఇంకా చిన్నదవ్వాలి.

జబ్బు తిరగబెట్టిందా, మందు తగ్గినందుకా?

కుర్రాడి వాళ్ళమ్మ ఆస్పత్రి వరండాలో నన్ను చూసి "మళ్ళీ మొదలైందయ్యా, పదిరోజులనించీ చిరాకు, ఏడుపు, పీడకలలు" అని కళ్ళొత్తుకుంది. నూటికి తొంభైమంది ఇళ్ళలో ఇదే మాట. దాని వెనకే రెండో మాట: "ఈ బిళ్ళలకి అలవాటు పడిపోయాడు, ఇక జన్మలో మానలేడు."

రెండూ తప్పు. జబ్బు తిరగబెట్టేది నిదానంగా, వారాలు నెలలు తీసుకుని. మందు తగ్గినందుకు వచ్చే తిప్పలు చాలావరకు రెండు మూడు రోజుల్లోనే మొదలవుతాయి. పైగా పాత జబ్బులో లేనివి కొత్తగా కనిపిస్తాయి: కళ్ళు పక్కకి తిప్పితే తలలో కరెంటు, కళ్ళు తిరగడం, వాంతి వచ్చేటట్టుండటం, జ్వరం వచ్చే ముందులా ఒళ్ళు నొప్పులు, చెమటలు. మోతాదు మళ్ళీ పాత మెట్టుకి పెంచితే చాలామందికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి కూడా. డిప్రెషన్ అంత తొందరగా సర్దుకోదు.

అలవాటు అంటే తాగుడు లాంటిది అనుకుంటారు. కాదు. ఎస్సిటలోప్రామ్ కోసం వెంపర్లాడి షాపు తలుపు కొట్టినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఒళ్ళు ఆ మందుకి సర్దుకుని ఉంది, తీసేస్తే మళ్ళీ సర్దుకోవడానికి టైము కావాలి, అంతే.

అందరికీ ఇలా అవుతుందని భయపడొద్దు. 2024లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో ఎన్నో పరిశోధనల్ని కలిపి లెక్క వేశారు. మందు ఆపినవాళ్ళలో సుమారు 31 శాతానికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. లోపల మందు లేని ఉత్తుత్తి బిళ్ళలు ఆపినవాళ్ళలో కూడా 17 శాతానికి వచ్చింది. తీవ్రంగా ఇబ్బందిపడింది సుమారు 35 మందిలో ఒకరు. ఆ ఒకరు మీరు అవునో కాదో వారధి మీద తెలుసుకోవద్దు.

చివరి మెట్టు

ఎస్సిటలోప్రామ్ సంగతే చూడండి. 20 మిల్లీగ్రాముల నుంచి 10కి హాయిగా వచ్చేస్తారు. 10 నుంచి 5కి కూడా. "ఇంక 5 ఎంత, పిసరంత, ఇవాళ్టితో ఆపేద్దాం" అంటారు. అక్కడే పడతారు. ఈ మందులు మెదడు మీద పట్టు సాధించేది తక్కువ మోతాదులోనే. పైన ఎంత పెంచినా పట్టు కొంచెమే పెరుగుతుంది. దీన్నే 2019లో హోరోవిట్జ్, టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు వివరంగా రాశారు. ఇంద్రకీలాద్రి మెట్లు దిగుతున్నట్టు ఊహించుకోండి, పైమెట్లన్నీ జానెడు ఎత్తు, ఆఖరి మెట్టు ఒక్కటీ నిలువెత్తు. దాన్ని నాలుగు చిన్న మెట్లుగా కట్టుకోవాలి. 5 తర్వాత 2.5, ఆ తర్వాత ఇంకా తక్కువ. ఒక్కో మెట్టు మీద రెండు నుంచి నాలుగు వారాలు. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకి ఇంకా ఎక్కువ. తొందరేముంది?

ఇక్కడా అదే మాట: 5 దగ్గరికొచ్చాక "రోజు మార్చి రోజు 5" అనకండి. రోజూ 2.5 వేసుకోండి.

మధ్యలో గీత ఉన్న బిళ్ళ సగానికి విరగ్గొట్టొచ్చు. గీత మీద బొటనవేళ్ళు రెండూ ఆనించి నొక్కితే టక్కున విరుగుతుంది. కూరగాయల కత్తితో కోస్తే ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది, మిగతాది గచ్చు మీద పొడి. బిళ్ళలు కోసే చిన్న డబ్బా వస్తుంది, లోపల బ్లేడు ఉంటుంది, షాపులో అడగండి. పేరు పక్కన ఎక్స్ఆర్, సీఆర్, ఈఆర్ అని ఉంటే మాత్రం విరగ్గొట్టకూడదు, నూరకూడదు. రోజంతా మెల్లగా వదలాల్సిన మందు ఒకేసారి వదిలేస్తుంది.

"ప్లస్" ఉన్న స్ట్రిప్పులు

మన దగ్గర ఎస్సిటలోప్రామ్ 10, ఆందోళన తగ్గించే క్లోనజెపామ్ 0.5 కలిపిన బిళ్ళ విపరీతంగా పోతుంది. పేరు చివర ప్లస్ అనో ఇంకేదో తోక ఉంటుంది. వాడేవాళ్ళలో సగం మందికి లోపల రెండు మందులున్నాయని తెలీదు. దాన్ని ఆపితే ఒకేసారి రెండు ఆపినట్టు. సగానికి కోస్తే రెండూ సగం. ఎక్కువ కాలం వాడిన క్లోనజెపామ్ హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు, నిద్ర పూర్తిగా పోవచ్చు. దీన్ని రోజు మార్చి రోజు వేసుకునేవాళ్ళని చూస్తే నాకు చేతులు వణుకుతాయి. ముందు రెండిటినీ విడగొట్టి రాయమని డాక్టర్ని అడగండి. ఏది ముందు తగ్గించాలో, ఎంత తగ్గించాలో ఆయనే చెబుతారు.

ఇంకో సంగతి. షుగరు వల్ల అరికాళ్ళ మంటలకి డులోక్సెటిన్ వాడే పెద్దవాళ్ళుంటారు. మైగ్రేన్‌కి, నడుంనొప్పికి అమిట్రిప్టిలిన్ వాడేవాళ్ళుంటారు. "మాకు డిప్రెషన్ లేదండీ" అంటారు. రెండూ డిప్రెషన్‌కి వాడే మందులే. మంటలు తగ్గాయని ఒక్కరోజులో ఆపితే మీకూ ఇవే తిప్పలు.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

మాల వేసుకునే నెలలో మందు మానడం మొదలుపెట్టకండి. చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, నేల మీద పడక, వీటిలో దేనివల్ల నీరసం వచ్చిందో మందు వల్ల ఏది వచ్చిందో తేల్చలేరు. బిళ్ళ వేసుకుంటే దీక్ష చెడుతుందని నాకు తెలిసిన ఏ గురుభవానీ అనలేదు. వెళ్ళి అడగండి.

పెళ్ళిచూపులు, పరీక్షలు, ఉద్యోగం మారడం, ఇంట్లో చావు. ఈ టైములో వద్దు.

బాగైన నెలకే మానకండి. బాగయ్యాక కనీసం 6 నెలలు వాడమంటారు. ఇదివరకు రెండు మూడు సార్లు వచ్చినవాళ్ళకి ఇంకా ఎక్కువ.

ప్రెగ్నెన్సీ అని తెలిసిన రోజే స్ట్రిప్పు చెత్తబుట్టలో వేయకండి. ఆ రోజే డాక్టరుకి ఫోను చేయండి.

మోతాదు తగ్గించిన మొదటి వారం బండి నడపొద్దు. నిచ్చెన ఎక్కొద్దు. లేత్ మెషీన్ దగ్గర నిలబడొద్దు. బస్సులో వెళ్ళండి.

క్యాలెండర్ మీద రాయండి: తగ్గించిన తేదీ, ఎంత నుంచి ఎంతకి, ఆ రోజు ఎలా ఉంది. డాక్టరుకి అది చూపించండి, ఇంటిల్లిపాదీ చెప్పే కథలు కాదు.

ఇంట్లో ఒక్కరికైనా చెప్పి తగ్గించండి. చిరాకు పడితే ఎందుకో వాళ్ళకి తెలియాలి.

తట్టుకోలేకపోతే ముందటి మెట్టుకి వెళ్ళండి, డాక్టరుకి చెప్పండి. మళ్ళీ దిగేటప్పుడు ఇంకా చిన్న మెట్టు.

మానేసి వారాలైపోయిందా? పాత పెద్ద మోతాదు మీ అంతట మీరు మొదలుపెట్టకండి. అడగండి.

ఒకపూట మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకండి.

ఊరెళ్తే స్ట్రిప్పు హ్యాండ్ బ్యాగులో. లగేజీలో కాదు.

నొప్పికి ట్రమడాల్ ఎవరైనా రాస్తే మీ పాత మందు పేరు చెప్పండి. రెండూ కలిస్తే ప్రమాదం.

నిద్ర రావట్లేదని మద్యం తాగకండి. వదినగారి నిద్రబిళ్ళ వేసుకోకండి. మీ బిళ్ళలు వదినగారికి ఇవ్వకండి.

రోజులు ఎగ్గొట్టకండి. మూడోసారి చెబుతున్నానని విసుక్కోకండి.

ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా 108.

చావాలనిపిస్తే, ఎవరికీ చెప్పలేకపోతే 14416. టెలిమానస్, ఉచితం, 2022 నుంచి ఉంది, రాత్రి రెండింటికైనా తెలుగులోనే మాట్లాడతారు. డబ్బుల గురించి ఆగినవాళ్ళు విజయవాడ, గుంటూరు జనరల్ ఆస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీకి వెళ్ళండి, పాత చీటీలు, మిగిలిన స్ట్రిప్పులు అన్నీ పట్టుకుని.

ఇక నా షాపుకి వచ్చేవాళ్ళకి. పది బిళ్ళల స్ట్రిప్పు కోసం ఇరవయ్యో రోజున వస్తే, నలుగురిలో కాకుండా పక్కకి పిలిచి ఎందుకని అడుగుతాను. ఇవ్వాళే మొదలుపెట్టాను. ఇద్దరు దొరికారు.