కొరియా టీవీ ప్రసార వేళలను మన గడియారంలోకి మార్చుకోవడం ఎలా

కొరియా ఛానళ్లు ప్రకటించే ప్రసార వేళను తాముండే చోటి వేళకు మార్చుకునేటప్పుడు చాలామంది గంటల లెక్క సరిగానే వేస్తారు. పొరపాటు జరిగేది ఆ గంట ఏ రోజుకు చెందుతుందన్న దగ్గర. అందువల్ల వేళను, రోజును విడదీయకుండా ఒకే జంటగా రాసుకొని, రెండింటినీ కలిపే మార్చుకోవాలి. ‘రాత్రి 9:20’ అని కాకుండా ‘శనివారం 21:20, సియోల్’ అని ఇరవైనాలుగు గంటల పద్ధతిలో కాగితం మీద పెట్టుకుంటే సగం పని అయినట్టే.

దక్షిణ కొరియా అంతటికీ ఒకే ప్రామాణిక వేళ ఉంది. దాన్ని కేఎస్‌టీ అంటారు. అది యూటీసీ (అన్ని దేశాల వేళలకూ ఆధారంగా తీసుకునే ప్రపంచ వేళ) కంటే 9 గంటలు ముందుంటుంది. జపాన్ వేళ కూడా అదే. సియోల్ ఒలింపిక్స్‌ను దృష్టిలో ఉంచుకొని 1987, 1988 వేసవుల్లో అక్కడ గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు గానీ, ఆ తర్వాత ఆ పద్ధతిని వదిలేశారు. కాబట్టి ఇప్పుడు సియోల్ గడియారం ఏడాది పొడవునా కదలదు. మీకూ కొరియాకూ మధ్య తేడా మారిందంటే, ఆ మార్పు మీ వైపు జరిగిందే తప్ప అక్కడ జరిగింది కాదు.

భారతదేశంలో ఉన్నవారికి లెక్క తేలిక. కొరియా మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. అరగంటతో తీసివేత ఇబ్బందిగా అనిపిస్తే, నాలుగు గంటలు తీసేసి ముప్ఫై నిమిషాలు కలపండి: 21:20లో నాలుగు తీస్తే 17:20, అరగంట కలిపితే 17:50, అంటే సాయంత్రం 5:50. కొరియాలో అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున మూడున్నర లోపు మొదలయ్యే కార్యక్రమాలు మాత్రమే మనకు ముందురోజు రాత్రి పడతాయి. దుబాయ్‌కి 5 గంటలు, సౌదీ, కువైట్, ఖతార్‌లకు 6 గంటలు, సింగపూర్, మలేషియాలకు 1 గంట తీసివేయాలి. ఈ దేశాల్లో గడియారాలు మార్చే పద్ధతి లేదు కనుక ఒకసారి నేర్చుకున్న అంకె ఏడాదంతా పనికొస్తుంది.

అమెరికాలో ఉన్నవారికే అసలు చిక్కు. అక్కడ వేసవిలో గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. న్యూయార్క్ వైపు చలికాలంలో తేడా 14 గంటలు, వేసవిలో 13. కాలిఫోర్నియా వైపు 17, 16. ఇంత పెద్ద అంకెలను నోటి లెక్కలో తీసివేయడం కంటే ఒక చిట్కా మేలు. ముందు పన్నెండు గంటలు వెనక్కి వెళ్లండి, అంటే రాత్రిని అదే రోజు పగలుగా, ఉదయాన్ని ముందురోజు సాయంత్రంగా మార్చండి. ఆపైన మిగిలిన గంటలు తీసేయండి: తూర్పు తీరానికి చలికాలంలో రెండు, వేసవిలో ఒకటి, పడమటి తీరానికి చలికాలంలో ఐదు, వేసవిలో నాలుగు. ఉదాహరణకు, కొరియాలో ఆదివారం మధ్యాహ్నం 3:30కి మొదలయ్యే సంగీత కార్యక్రమం లాస్ ఏంజెలెస్ వారి లెక్కలో పన్నెండు గంటలు తీయగానే అదే ఆదివారం తెల్లవారుజాము 3:30 అవుతుంది. చలికాలపు ఐదు గంటలు తీస్తే శనివారం రాత్రి 10:30. ‘ఆదివారం కార్యక్రమం’ అని గుర్తుపెట్టుకొని ఆదివారం దాకా ఆగినవారికి అది అప్పటికే అయిపోయి ఉంటుంది. హవాయిలోనూ, అరిజోనాలో చాలా భాగంలోనూ గడియారాలు మార్చరు కనుక అక్కడివారికి ఈ రెండు కాలాల గొడవ లేదు.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకు గడియారం మారుతుంది. శని, ఆదివారాల్లో వరుసగా రెండు ఎపిసోడ్లు వచ్చే సీరియల్ చూసేవారు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి, ఎందుకంటే ఆ మార్పు సరిగ్గా ఆ రెండు ఎపిసోడ్ల మధ్యనే జరుగుతుంది. రాత్రి 9:20 సీరియల్‌నే తీసుకుంటే, మార్చిలో ఆ వారాంతాన న్యూయార్క్‌లో శనివారం ఎపిసోడ్ ఉదయం 7:20కి వస్తుంది, ఆదివారం ఎపిసోడ్ 8:20కి వస్తుంది. నవంబర్‌లో ఇది తిరగబడి శనివారం 8:20, ఆదివారం 7:20 అవుతుంది. నిన్నటి వేళకే కూర్చున్నవారికి నవంబర్‌లో మొదటి గంట పోతుంది. మార్చిలో అయితే ఊరికే గంటసేపు ఎదురుచూడాల్సి వస్తుంది, అంతకుమించి నష్టం లేదు.

బ్రిటన్, ఐరోపాలోని చాలా దేశాలు మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు మారుస్తాయి. లండన్‌కు చలికాలంలో 9 గంటలు, వేసవిలో 8 గంటలు తీసివేయాలి. సిడ్నీ దీనికి భిన్నం. అది కొరియా కంటే ముందుంటుంది కనుక తీసివేయకుండా కలపాలి: మామూలుగా ఒక గంట, అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా రెండు గంటలు. అక్కడివారికి కొరియాలో రాత్రి పదకొండు నుంచి (రెండు గంటలు కలిపే రోజుల్లో పది నుంచే) మొదలయ్యేవి మరుసటి రోజులోకి జారతాయి.

కొరియా ఛానల్ పట్టికనే నేరుగా చూసేవారు కొన్ని గుర్తులు తెలుసుకోవాలి. వేళకు ముందు ‘ఓజన్’ అంటే మధ్యాహ్నానికి ముందు, ‘ఓహు’ అంటే తర్వాత. ‘వోల్-హ్వా’ సోమ, మంగళవారాల సీరియల్. ‘సు-మోక్’ బుధ, గురువారాలది. ‘గుమ్-టో’ శుక్ర, శనివారాలది. ‘టో-ఇల్’ శని, ఆదివారాలది. అర్ధరాత్రి దాటాక వచ్చే కార్యక్రమాన్ని ముందురోజు పట్టికలోనే ‘24:40’ అనో, ‘రాత్రి 12:40’ అనో చూపడం కూడా కద్దు. అలా ఆదివారం కింద 24:40 అని ఉంటే అది నిజానికి సోమవారం 00:40. ముందు ఆ రోజును సరిదిద్దుకొని, ఆ తర్వాతే తీసివేత మొదలుపెట్టాలి. భారతదేశంలో అది ఆదివారం రాత్రి 9:10 అవుతుంది. ‘జేబాంగ్’ అని ఉన్నది పునఃప్రసారం. దాని వేళను మొదటి ప్రసారపు వేళ అనుకోకూడదు.

వేళ పక్కన పొడి అక్షరాలు మాత్రమే ఉంటే నమ్మకండి. ఐఎస్‌టీ అని భారత వేళకూ, ఐర్లాండ్ వేసవి వేళకూ, ఇజ్రాయెల్ వేళకూ రాస్తారు. ఈఎస్‌టీ అంటే అమెరికా తూర్పు తీరపు చలికాలపు వేళ, కానీ వేసవిలో కూడా అలాగే రాసేసే అలవాటు అమెరికాలో ఎక్కువ. నా మటుకు నాకు నచ్చిన మార్గం, ఫోన్ క్యాలెండర్‌లో కార్యక్రమం పేరు చేర్చేటప్పుడు టైమ్ జోన్ దగ్గర ‘సియోల్’ ఎంచుకొని, కొరియా వేళనే యథాతథంగా నమోదు చేసి, ప్రతి వారం పునరావృతం అయ్యేలా పెట్టడం. అప్పుడు మార్చి, నవంబర్ మార్పులను ఫోనే చూసుకుంటుంది. వేళను ముందే మీ ఊరి వేళకు మార్చి నమోదు చేస్తే ఈ సౌకర్యం పోతుంది.

ప్రసార వేళ తెలిసినంత మాత్రాన అదే క్షణంలో మీ తెరపైకి వస్తుందని కాదు. స్ట్రీమింగ్ వేదికలు టీవీ సీరియల్‌ను సాధారణంగా కొరియాలో ప్రసారమయ్యాకే, సబ్‌టైటిళ్లతో పెడతాయి. కొరియా ప్రసార సంస్థ కేబీఎస్ విదేశీ ప్రేక్షకుల కోసం నడిపే కేబీఎస్ వరల్డ్ పట్టిక వేరు, స్వదేశంలోని కేబీఎస్ 2 పట్టిక వేరు. ఒకదాని వేళను రెండోదానికి అన్వయించకూడదు. టీవీలో రాకుండా నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలయ్యే కొరియన్ సీరియళ్లకు పైన చెప్పిన నియమం తలకిందులవుతుంది. అవి సాధారణంగా పసిఫిక్ తీరపు అర్ధరాత్రి విడుదలవుతాయి కనుక, గడియారం కదలని కొరియాలో కూడా ఆ వేళ వేసవిలో సాయంత్రం 4 గంటలు, చలికాలంలో 5 గంటలు అవుతుంది. భారతదేశంలో మధ్యాహ్నం 12:30, 1:30. ఇక చుసోక్ (కొరియన్ల పంటల పండుగ), చాంద్రమాన నూతన సంవత్సరం వంటి పండుగ వారాల్లోనూ, ముఖ్యమైన ఫుట్‌బాల్, బేస్‌బాల్ మ్యాచ్‌లున్న రోజుల్లోనూ ఎపిసోడ్‌ను ఆపడమో, వెనక్కి జరపడమో మామూలే కాబట్టి, ఆ రోజుల్లో లెక్క వేసే ముందు ఛానల్ తాజా పట్టిక ఒకసారి తెరిచి చూడండి.