కాలర్ బోన్ వెనక చుక్క

విశాఖ మహారాణిపేటలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో పదిహేనేళ్లుగా ఛాతీ ఎక్స్‌రేలు చూస్తున్నాను. ఒకసారి గాజువాక నుంచి ఒక లారీ డ్రైవర్ దగ్గు తగ్గట్లేదని వచ్చాడు. కుడి కాలర్ బోన్ వెనక ఊపిరితిత్తిలో రెండు సెంటీమీటర్ల గడ్డ. ఏడాదిన్నర కిందటి ఫిల్ము తీసి చూస్తే, సరిగ్గా అక్కడే బఠాణీ గింజంత మసక. ఆ పాత రిపోర్టులో ‘నార్మల్’ అని రాసింది నేనే. ఆ రోజు నుంచి చూసే పద్ధతి మార్చుకున్నాను. కొత్తగా చేరేవాళ్లకు చెప్పేది ఇదే.

సగం పని టెక్నీషియన్ చేతిలో ఉంటుంది. జడ భుజం మీద పడితే ఊపిరితిత్తి పైభాగంలో నీడ వస్తుంది, కొప్పు పెట్టించండి. గొలుసులు, తాయెత్తులు తీయించండి. తాళి తీయనంటే విసుక్కోవద్దు, ఊపిరితిత్తుల మీద పడకుండా పైకి జరిపించండి. చేతులు నడుం మీద పెట్టించి మోచేతులు ముందుకు తెప్పిస్తే వీపు మీది రెక్క ఎముకలు పక్కకు తప్పుకుంటాయి. పేషెంటు గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టాకే బటన్ నొక్కాలి. ఫిల్ములో వెనక పక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకు రాకపోతే మళ్లీ తీయడమే మంచిది.

ఇక చూడటం. గదిలో లైట్లు తగ్గించండి. చిన్న నాడ్యూల్, అంటే ఊపిరితిత్తిలో గుండ్రటి చిన్న గడ్డ, మన కంట పడక తప్పిపోవడం ఒక రకం. కన్ను దాని మీద ఆగినా, ‘రక్తనాళం అయ్యుంటుందిలే’ అని మనసు సర్దుకోవడం ఇంకో రకం. నాకు జరిగింది రెండోదే. అందుకే నాలుగు చోట్ల కావాలని ఆగుతాను: కాలర్ బోన్ల వెనక, రెండు హైలమ్‌ల (గాలి గొట్టాలు, రక్తనాళాలు ఊపిరితిత్తిలోకి వెళ్లే చోటు) దగ్గర, గుండె నీడ వెనక, డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర) గీత కింద. ఆ గీత కింద కూడా ఊపిరితిత్తి ఉంటుందన్న సంగతి చాలామందికి తట్టదు. పైభాగాలను కుడి ఎడమలు పక్కపక్కన పోల్చి చూడండి. తర్వాత నలుపు తెలుపులు తారుమారు చేసి ఇంకోసారి చూడండి. గుండె పెద్దదిగా ఉందనో, పక్కటెముక విరిగిందనో ఒకటి దొరకగానే ఆగిపోకండి. అనుమానం ఉన్న చోట్ల సాఫ్ట్‌వేర్ పెట్టే గుర్తులు మీరు ఫిల్ము మొత్తం చూశాకే తెరవండి.

కింది భాగంలో గుండ్రటి నీడ కనిపిస్తే చనుమొన కావచ్చు. చనుమొన మీద మార్కర్ అంటించి మళ్లీ తీస్తే తేలిపోతుంది. మన దగ్గర పాత టీబీ మచ్చలు ఎక్కువ. సున్నంలా తెల్లగా, గట్టిగా కనిపించే చుక్క చాలాసార్లు అదే అవుతుంది. అయినా పాత ఫిల్ము అడగకుండా వదలొద్దు. పేషెంటు ‘ఇంట్లో బీరువాలో ఉందమ్మా’ అంటే తెప్పించండి, ఒక రోజు ఆలస్యమైనా ఫర్వాలేదు.

సెంటీమీటరు లోపు నాడ్యూల్ ఎంత మంచి ఫిల్ములోనైనా దాగిపోవచ్చు. ఏళ్ల తరబడి చుట్ట, బీడీ కాల్చిన మనిషికి ఎక్స్‌రే బాగుందని ధైర్యం చెప్పి పంపేయకండి. 2011లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో, బాగా పొగతాగినవాళ్లకు ఎక్స్‌రే బదులు తక్కువ రేడియేషన్ డోసుతో సీటీ స్కాన్ చేస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. అనుమానం ఉంటే ‘సీటీ అవసరం’ అని రిపోర్టులో సూటిగా రాయండి. డాక్టరుకు ఫోన్ కూడా చేయండి.

ఆ డ్రైవర్ పాత ఫిల్ము నా దగ్గరే ఉంది. పేరు చెరిపేసి, కొత్తవాళ్లకు మొదటి రోజే చూపిస్తాను. ఎక్కువమంది ‘నార్మల్ మేడమ్’ అంటారు. అప్పుడు కాలర్ బోన్ దగ్గర వేలు పెడతాను.