వీడియో ఎక్స్‌పోర్ట్ పాఠాలు – 4: బిట్‌రేట్ దించారు, బతుకమ్మ పగిలింది

పోయిన పాఠంలో "ఫైల్ చిన్నది కావాలంటే బిట్‌రేట్ తగ్గించండి" అన్న ఒక్క లైను పట్టుకుని, దాని కింద రాసిన రెండు పేరాలు వదిలేసి, చాలామంది నేరుగా 2 ఎంబీపీఎస్‌కు దించేశారు. బిట్‌రేట్ అంటే సెకను వీడియోకి ఖర్చయ్యే డేటా, ఎంబీపీఎస్ అంటే సెకనుకి ఇన్ని మెగాబిట్లు. సద్దుల బతుకమ్మ రోజు హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర తీసిన వీడియో పంపి "అన్నా, తంగేడు ఏదో గునుగు ఏదో తెలుస్తలేదు, అంతా డబ్బాలు డబ్బాలుగా పగిలింది" అంటే పగలదా మరి? ఇంకొందరు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రిజాల్వ్‌లో బిట్‌రేట్ గడి కిలోబిట్లలో ఉందని చూడకుండా 8 కొట్టారు. 8 ఎంబీపీఎస్ కావాలంటే అక్కడ 8000 కొట్టాలి. ఈ రోజు ఆడియో చెప్పాల్సింది, అది తర్వాత చూద్దాం, ముందు ఈ గొడవ తేల్చాలి.

ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని ఫ్రేములో) సంగతి వేరే చెప్పక్కర్లేదు, ఎంతలో తీస్తే అంతే పెట్టండి.

ఫైల్ సైజు లెక్క చాలా చిన్నది. ఎంబీపీఎస్‌లో ఉన్న బిట్‌రేట్‌ను సెకన్లతో గుణించి 8తో భాగిస్తే మెగాబైట్లు వస్తాయి. సెట్టింగ్‌లో ఉండేది బిట్లు, ఫోల్డర్‌లో కనిపించేది బైట్లు, అందుకే ఆ 8. నిమిషం వీడియోకి 8 ఎంబీపీఎస్ అంటే 60 ఎంబీ, 16 అంటే 120. రెజల్యూషన్ (బొమ్మలో ఎన్ని పిక్సెల్స్ అన్నది) ఈ లెక్కలో లేనే లేదు, గమనించారా? 1080పీ అయినా 4కే అయినా అదే బిట్‌రేట్ పెడితే సైజు దాదాపు అంతే, కాకపోతే 4కేలో పిక్సెల్స్ నాలుగింతలు కాబట్టి ఒక్కోదానికి దక్కే వాటా తగ్గి బొమ్మ ఇంకా పాడవుతుంది.

మరి ఎంత పెట్టాలి? అది మీరు తీసిన సీన్‌ను బట్టి ఉంటుంది. కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) ప్రతి ఫ్రేమ్‌నూ మొత్తంగా దాచుకోదు, ముందు ఫ్రేమ్‌కీ దీనికీ ఏం మారిందో అదే ఎక్కువగా రాసుకుంటుంది. వేయి స్తంభాల గుడిని ట్రైపాడ్ మీద పెట్టి తీస్తే మారేది దాదాపు ఏమీ ఉండదు, 1080పీకి 4 ఎంబీపీఎస్ కూడా సరిపోవచ్చు. లక్నవరంలో నీళ్ల మీద ఎండ పడుతుంటే ప్రతి ఫ్రేమ్‌లో ప్రతి మెరుపూ కొత్తదే. మేడారంలో జనం, దుమ్ము, చేతిలో ఊగే కెమెరా. బతుకమ్మ అయితే చుట్టూ తిరిగే చీరలు, సన్న పూరేకులు, పైగా లైటు తక్కువైతే బొమ్మ మీద వచ్చే సన్న చుక్కలు (గ్రెయిన్) కూడా కోడెక్ దృష్టిలో కదలికే. వాటికి 12 నుంచి 16 ఇవ్వండి. యూట్యూబ్ 1080పీ 30 ఫ్రేమ్స్‌కి 8, 60 ఫ్రేమ్స్‌కి 12 సూచిస్తుంది, కానీ వాళ్లు ఎలాగూ మళ్లీ కుదిస్తారు కాబట్టి నేను కొంచెం ఎక్కువే ఇస్తా.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. చుట్టాలు వాట్సాప్‌లో పంపిన బారాత్ క్లిప్‌ను టైమ్‌లైన్‌లో వేసి, 4కే పెట్టి, 50 ఎంబీపీఎస్‌లో తీసి "క్లారిటీ రాలేదు" అంటారు. రాదు. వాట్సాప్ మామూలుగా పంపేటప్పుడే వీడియోను కుదించేసింది, అక్కడ పోయిన వివరం ఎక్స్‌పోర్ట్‌లో పుట్టదు. నీళ్ల చారును పెద్ద గిన్నెలో పోస్తే చిక్కబడుతుందా? మీ దగ్గర ఫైల్ మాత్రం ఉబ్బుతుంది, అంతే. కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే ఇంకొంత పోతుంది కూడా. అందుకే ఒరిజినల్ అడగండి, వాట్సాప్ తప్ప దారి లేదంటే డాక్యుమెంట్‌గా పంపమనండి, 2 జీబీ వరకు అలాగే వస్తుంది. మీరు కస్టమర్‌కి పంపేటప్పుడూ అంతే. ఇంతకుముందు ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌ను తెచ్చి మళ్లీ ఎడిట్ చేయడం కూడా ఇదే తప్పు, ప్రాజెక్టు ఫైల్ ఎందుకు డిలీట్ చేస్తారో నాకర్థం కాదు.

పెన్‌డ్రైవ్ వాళ్లకు: గంటన్నర పెళ్లి 8 ఎంబీపీఎస్‌లో 5.4 జీబీ. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు, లోపల 20 జీబీ ఖాళీ ఉన్నా ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫార్మాట్‌కు మార్చొచ్చు కానీ పాత టీవీలు కొన్ని దాన్ని చదవవు. నేనైతే పెళ్లి ఒక ఫైల్, బారాత్ ఒక ఫైల్ చేసి ఇస్తా. హెచ్.265 అనే కొత్త కోడెక్ వాడితే దాదాపు సగం సైజులో అదే నాణ్యత వస్తుంది నిజమే, కానీ పెద్దాయన ఇంటి టీవీలో మాట మాత్రం వినపడి బొమ్మ రాకపోతే ఫోన్ వచ్చేది మీకే. చేతికిచ్చే ఫైల్ పాత కోడెక్ హెచ్.264లోనే.

హ్యాండ్‌బ్రేక్ (వీడియో కుదించే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు బిట్‌రేట్ జోలికి పోకుండా, నాణ్యతను ఒకేలా ఉంచే కాన్‌స్టంట్ క్వాలిటీ 20 దగ్గర పెట్టుకోండి. అంకె తగ్గితే నాణ్యతా సైజూ రెండూ పెరుగుతాయి. సైజు ఎంతొస్తుందో ముందుగా తెలియదు, అదొక్కటే చిక్కు.

అభ్యాసం: కదలని గుడి, నీళ్లు, గుంపు, మూడూ 30 సెకన్ల చొప్పున మీ ఫోన్లోనే తీయండి. ఒక్కోదాన్ని 4, 8, 16లో, హ్యాండ్‌బ్రేక్ 20లో, అంటే పన్నెండు ఫైళ్లు. మొదటి తొమ్మిదింటి సైజు ఎక్స్‌పోర్ట్ నొక్కకముందే కాగితం మీద రాయాలి, తర్వాత టీవీలో పెట్టి ఏది ఎక్కడ పగిలిందో పక్కన రాయాలి. మూడు హ్యాండ్‌బ్రేక్ ఫైళ్లలో ఏది పెద్దదో, ఎందుకో కూడా. ఫోన్ స్క్రీన్ మీద చూసి బాగుందంటే నేను ఒప్పుకోను.