లినక్స్ డిస్కులు, 4వ పాఠం: పార్టిషన్ మీద ఫైల్ సిస్టమ్

ఈసారి ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ వేసి ముందుకు పోదామనుకున్నాను. కానీ మా బ్రాడీపేట బ్యాచ్‌లో సగం మంది ఆత్రంగా ముందే కమాండ్ కొట్టేసి, "సార్, చేసిన పార్టిషన్ మాయమైంది" అంటూ వచ్చారు. ముందు ఆ సంగతి తేలుద్దాం.

మీరు కొట్టింది /డెవ్/ఎస్‌డీబీ, అంటే డిస్క్ మొత్తం. కొట్టాల్సింది /డెవ్/ఎస్‌డీబీ1, అంటే అందులోని మొదటి పార్టిషన్. మిర్చి యార్డులో మీ కొట్టుకు వేయాల్సిన తాళం యార్డు గేటుకే వేశారన్నమాట. పార్టిషన్ టేబుల్ ఉంది, అయినా కానివ్వమంటారా అని కమాండ్ అడిగింది కూడా. చదవకుండా వై నొక్కారు.

ఆ దెబ్బతో "చివర అంకె ఉంటే పార్టిషన్, లేకపోతే డిస్క్" అని సూత్రం కట్టేసుకున్నారు చూడండి, నాకు ఒళ్లు మండేది దానికే. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ పేరే ఎన్‌వీఎంఈ0ఎన్1. చివర అంకె ఉంది, అయినా అది డిస్క్ మొత్తం. అందులో పార్టిషన్ ఎన్‌వీఎంఈ0ఎన్1పీ1. పైగా ఇవాళ ఎస్‌డీబీగా కనిపించిన పెన్‌డ్రైవ్ రీబూట్ అయ్యాక ఎస్‌డీసీ కావచ్చు. అందుకే పేరును నమ్మకండి. ప్రతిసారీ డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి, టైప్ వరుసలో డిస్క్ అని ఉందా, పార్ట్ అని ఉందా చూడండి. తర్వాత సైజు. 32 జీబీ పెన్‌డ్రైవ్ 29 చిల్లర చూపిస్తుంది. 931 కనిపిస్తే ఆగండి, అది 1 టీబీ డిస్క్.

ఇక కమాండ్:

సుడో ఎంకేఎఫ్‌ఎస్.ఈఎక్స్‌టీ4 -ఎల్ మిర్చి -ఎం 1 /డెవ్/ఎస్‌డీబీ1

ఎల్ పెద్దక్షరం, అది లేబుల్. 16 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ 3 బైట్లు పోతాయి కాబట్టి ఇంగ్లీషులోనే పెట్టండి. ఎం చిన్నక్షరం. చెప్పకపోతే 5 శాతం జాగా రూట్ (అడ్మిన్ యూజర్) కోసం పక్కన పెట్టేస్తుంది, అంటే 1 టీబీలో 50 జీబీ. డేటా డిస్కుకు నేను 1 ఇస్తాను. సిస్టమ్ ఉన్న డిస్కులో మాత్రం దాని జోలికి పోను.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ ఎందుకు వద్దని విజయవాడ నుంచి ఒకరు అడిగారు. వేసుకోండి, కానీ తర్వాత దాన్ని కుదించలేరు. నా ఓటు ఈఎక్స్‌టీ4కే.

మౌంట్ చేయడం మీకు వచ్చు. పర్మిషన్ లేదంటూ ఫైలు కాపీ కాకపోతే, ఓనర్ రూట్ అయి ఉంటుంది, ఓనర్‌ను మార్చే చౌన్ కొట్టండి.

అభ్యాసం: పెన్‌డ్రైవ్ ముట్టుకోవద్దు. ట్రంకేట్ కమాండ్‌తో 400 ఎంబీ ఖాళీ ఫైలు చేసి, దాని మీదే ఈఎక్స్‌టీ4 వేయండి. మొదట -ఎన్ (చిన్నక్షరం) పెట్టి ఉత్తుత్తి రన్, తర్వాత నిజంగా. ఎం విలువ 5తో ఒకసారి, 0తో ఒకసారి చేసి, రెండుసార్లూ లూప్ మౌంట్ చేసి (అంటే ఫైలునే డిస్కులా మౌంట్ చేసి), ఖాళీ జాగా చూపే డీఎఫ్ అంకెలు రాసుకోండి. చివరగా అన్‌మౌంట్ చేసి అదే ఫైలు మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్ వేయబోండి. అదేమంటుందో అక్షరం పొల్లుపోకుండా రాసి పట్టుకురండి.