కొలిచే పరికరం కొత్తగా తయారుచేయడానికి గ్రాంట్ ప్రపోజల్ ఎలా రాయాలి?

కాల్ (గ్రాంట్‌కి అప్లికేషన్లు పిలిచే ప్రకటన) పడగానే చాలామంది నాకు ప్రపోజల్ పంపి ఒకసారి చూడమంటారు. దాదాపు అన్నిట్లో ఒకటే లోపం. లిటరేచర్ రివ్యూ పేజీలకి పేజీలు ఉంటుంది గానీ ఆ పరికరం ఎంత కరెక్ట్‌గా కొలుస్తుందో చెప్పే నంబర్ ఒక్కటి ఉండదు. "లో కాస్ట్, హై సెన్సిటివిటీ, పోర్టబుల్" అని రాసి వదిలేస్తారు. మంచి ఐడియాలు ఇలా రిజెక్ట్ అయిపోతుంటే బాధేస్తుంది, అందుకే ఎలా చేయాలో మొత్తం రాస్తున్నా.

స్టెప్ 1: కాల్ సరిగ్గా చూసుకోండి

కొనడానికి ఇచ్చే డబ్బు వేరు, తయారుచేయడానికి ఇచ్చే డబ్బు వేరు. డీఎస్‌టీ (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం) వాళ్ల ఫిస్ట్ స్కీమ్ లాంటివి డిపార్ట్‌మెంట్‌లో సౌకర్యాల కోసం, అక్కడికి ప్రోటోటైప్ ఐడియా పట్టుకెళ్తే పనవ్వదు. పరికరం కట్టాలంటే డీఎస్‌టీ టెక్నాలజీ డెవలప్‌మెంట్ కాల్స్, లేదా పాత ఎస్‌ఈఆర్‌బీ అనే కేంద్ర రీసెర్చ్ బోర్డుని కలిపేసుకుని 2024లో మొదలైన ఏఎన్‌ఆర్‌ఎఫ్ (జాతీయ రీసెర్చ్ ఫౌండేషన్) కాల్స్ చూడండి. అమెరికాలో ఉన్న మనవాళ్లయితే అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ (ఎన్‌ఎస్‌ఎఫ్) వాళ్ల ఎంఆర్‌ఐ అనే పరికరాల గ్రాంట్‌లో కొనడం ఒక దారి, డెవలప్‌మెంట్ ఇంకో దారి, అప్లై చేసేటప్పుడు కలిపేయొద్దు. టీఆర్‌ఎల్ (టెక్నాలజీ ఎంత సిద్ధంగా ఉందో చెప్పే 1 నుంచి 9 స్కేలు) అడిగితే నిజం రాయండి, ల్యాబ్ టేబుల్ మీద ఐడియా పనిచేసిందంటే అది 3, అంతే.

స్టెప్ 2: "బయట దొరుకుతుంది కదా" అన్న ప్రశ్నకి ముందే జవాబు రాయండి

రివ్యూయర్ మొదట అడిగేది ఇదే. ఉదాహరణకి నల్గొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కొలవాలి. చేతిలో పట్టుకునే ఎలక్ట్రోడ్ మీటర్లు మార్కెట్లో ఉన్నాయి, కాబట్టి "పోర్టబుల్ ఫ్లోరైడ్ మీటర్ చేస్తాం" అంటే డబ్బు రాదు. ఊరి ట్యాంక్ దగ్గర పెట్టి వదిలేస్తే ఎవరూ ముట్టుకోకుండా నెలల తరబడి రీడింగ్ ఇచ్చేది చేస్తాం అంటే అది వేరే మాట. ఈ తేడా మొదటి పేజీలోనే ఉండాలి, రెండో పేజీలో కాదు.

స్టెప్ 3: ఎర్రర్ బడ్జెట్

కొలతలో తప్పు ఎక్కడెక్కడ నుంచి ఎంతెంత వస్తుందో చూపే లెక్క ఇది. అసలు పని ఇక్కడే ఉంది. మిగతావన్నీ పక్కనపెట్టి దీనికి కనీసం వారం కూర్చోండి, ఇది అవ్వకుండా ఇంకో పేజీ రాయొద్దు.

ముందు ఏ నిర్ణయం కోసం కొలుస్తున్నామో తేల్చుకోవాలి. తాగునీటికి మన బీఐఎస్ ప్రమాణం లీటరుకి 1 మి.గ్రా. ఫ్లోరైడ్, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. అంటే మన పరికరం 1.5 దగ్గర తడబడకూడదు. 1.5 దగ్గర ప్లస్ ఆర్ మైనస్ 0.15, అంటే 10 శాతం, 95 శాతం నమ్మకంతో, అని టార్గెట్ పెట్టుకుందాం. ఇప్పుడు తప్పు ఎక్కడెక్కడ నుంచి వస్తుందో ఒక్కొక్కటీ రాయాలి.

ఫ్లోరైడ్ కొలిచే లాంథనం ఫ్లోరైడ్ క్రిస్టల్ ఎలక్ట్రోడ్ వోల్టేజ్ 25 డిగ్రీల దగ్గర గాఢత పదింతలైతే సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. ఈ లెక్కన 1 మిల్లీవోల్ట్ తప్పు వస్తే గాఢతలో దాదాపు 4 శాతం తప్పు. ఇది గుండెల మీద రాసుకోవాల్సిన నంబర్. ఎలక్ట్రానిక్స్ తప్పు 0.2 మిల్లీవోల్టులు అనుకోండి, 0.8 శాతం. స్టాండర్డ్ సొల్యూషన్ (గాఢత ముందే తెలిసిన ద్రావణం) వల్ల 2 శాతం, టిసాబ్ బఫర్ (రీడింగ్ సరిగ్గా రావడానికి శాంపిల్‌లో కలిపే ద్రావణం) కలిపే పాళ్ల వల్ల ఇంకో 2. ఒక క్యాలిబ్రేషన్‌కీ ఇంకో దానికీ మధ్య ఎలక్ట్రోడ్ రీడింగ్ దానంతటదే 1 మిల్లీవోల్ట్ జరిగితే (దీన్నే డ్రిఫ్ట్ అంటారు) 4. వీటిని నేరుగా కూడకూడదు, ఒక్కోదాన్ని వర్గం చేసి కూడి వర్గమూలం తీయాలి, 5 వస్తుంది. 95 శాతం నమ్మకం కోసం రెండింతలు చేస్తే 10. టార్గెట్‌కి సరిగ్గా సరిపోయింది, కానీ డ్రిఫ్ట్ 2 మిల్లీవోల్టులు అయిందంటే 17కి పోతుంది, ఇంక పరికరం ఎందుకూ పనికిరాదు.

ఇప్పుడు ఈ లెక్కని టేబుల్‌గా వేసి మళ్లీ చూడండి. ఖరీదైన 24 బిట్ ఏడీసీ (వోల్టేజ్‌ని అంకెలుగా మార్చే చిప్) కావాలని అడుగుతుంటారు జనం, అది తగ్గించేది ఆ 0.8నే, దాన్ని సున్నా చేసినా మొత్తం తప్పు దాదాపు మారదు. డబ్బు పోవాల్సింది డ్రిఫ్ట్ మీదకి, అంటే దానంతటదే స్టాండర్డ్ తీసుకుని క్యాలిబ్రేట్ చేసుకునే చిన్న పంపు, వాల్వ్ మీదకి. ఈ టేబుల్ లేకుండా డబ్బు బడ్జెట్ రాసేవాళ్లని చూస్తే నాకు ఆశ్చర్యం, ఏది కొనాలో వాళ్లకి ఎలా తెలుస్తుంది?

టెంపరేచర్ మర్చిపోవద్దు. మే నెలలో ట్యాంక్ నీళ్లు 40 డిగ్రీలుంటే ఆ 59 కాస్తా 62 అవుతుంది, ఎలక్ట్రోడ్ బేస్ వోల్టేజ్ కూడా జరుగుతుంది. ఏసీ గదిలో క్యాలిబ్రేట్ చేసి ఎండలో పెడతాం అని రాస్తే ఫీల్డ్ తెలిసిన రివ్యూయర్ అక్కడే ఆపేస్తారు. క్యాలిబ్రేషన్ కూడా ఆ నీళ్ల టెంపరేచర్ దగ్గరే జరుగుతుందని రాయండి.

ఇంకో మాట, మీ రీడింగ్ కరెక్ట్ అని ఎవరు చెప్పాలి? మీరు కాదు. మీ స్టాండర్డ్ సొల్యూషన్‌కి ఢిల్లీ ఎన్‌పీఎల్ (దేశ కొలతల ప్రమాణాలు చూసే నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) దాకా ట్రేసబిలిటీ, అంటే ఆ ప్రమాణంతో తెగని లింకు, చూపించండి, అవే శాంపిళ్లు వేరే ల్యాబ్‌లో అయాన్ క్రొమటోగ్రఫీ అనే వేరే పద్ధతితో కొలిపించి పోలుస్తామని రాయండి. దగ్గర్లో ఆ మెషిన్ ఎక్కడుందో ఐ-స్టెమ్ (దేశంలో ల్యాబ్ పరికరాల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్) లో వెతికితే దొరుకుతుంది, కొనక్కర్లేదు.

మైల్‌స్టోన్లు కూడా ఈ టేబుల్ నుంచే తీయాలి. "6 నెలలకి డిజైన్ పూర్తి" అన్నది మైల్‌స్టోన్ కాదు. "12వ నెలకి డ్రిఫ్ట్ 1 మిల్లీవోల్ట్ లోపు, రాకపోతే క్యాలిబ్రేషన్ రోజుకి రెండుసార్లు" అన్నది మైల్‌స్టోన్.

స్టెప్ 4: డబ్బు లెక్క

ఎప్పుడూ రెండు యూనిట్లకి అడగండి. ఒక్కటే కడితే అది తప్పు చూపిస్తోందో నీళ్లే మారాయో తెలీదు, ఇందులో నేను రాజీపడను. జేఆర్‌ఎఫ్‌కి (ప్రాజెక్ట్‌లో పనిచేసే జూనియర్ రీసెర్చ్ ఫెలో) నెలకి 37,000, దాని మీద హెచ్‌ఆర్‌ఏ. సర్క్యూట్ బోర్డులు, మెషినింగ్, వాల్వులు లాంటివి అన్నీ ఎక్విప్‌మెంట్ హెడ్‌లో (బడ్జెట్‌లో ఒక్కో ఖర్చు పద్దుని హెడ్ అంటారు) తోసేయకండి, కాల్ ఒప్పుకుంటే కన్స్యూమబుల్స్‌లోనో ఫాబ్రికేషన్‌లోనో పెట్టండి, తర్వాత ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కి మార్చాలంటే పర్మిషన్ కావాలి. 2025 జూన్‌లో కేంద్ర సైన్స్ సంస్థలకి కొటేషన్ లేకుండా కొనే పరిమితి 2 లక్షలకి పెంచారు, స్టేట్ యూనివర్సిటీ అయితే మీ రూల్ ఏంటో ముందే కనుక్కోండి.

స్టెప్ 5: పంపడం, ప్రెజెంటేషన్

బ్లాక్ డయాగ్రామ్ ఒకే పేజీలో రావాలి. ప్రెజెంటేషన్‌లో మూడో స్లైడ్ ఎర్రర్ బడ్జెట్ టేబుల్, దాని ముందు ఎక్కువ మాట్లాడొద్దు. శాంక్షన్ వచ్చాక ఫైనాన్స్ సెక్షన్‌తో మొదటి వారంలోనే కూర్చోండి, ఏడాది చివర జీఎఫ్‌ఆర్ (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలు) 12-ఏ ఫారంలో ఇవ్వాల్సిన యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పేది, లేటైతే రెండో ఏడాది డబ్బు ఆగిపోతుంది, అప్పుడు జేఆర్‌ఎఫ్ కుర్రాళ్లు నెలల తరబడి జీతం లేకుండా ఉండిపోతారు.