మీ కుక్క లావెక్కిందో లేదో చేత్తో తెలుసుకోవడం ఎలా?

కుక్క బరువు పెరిగిందేమోనని అనుమానం రాగానే చాలామంది చేసే పని, జాతి పేరు కొట్టి బరువుల పట్టిక వెతకడం. దయచేసి ఆ పట్టిక జోలికి వెళ్లకండి. ఒకే జాతిలో ఎముక పెద్దవీ ఉంటాయి, చిన్నవీ ఉంటాయి, కలగలుపు జాతులకైతే అసలు పట్టికే లేదు. 30 కిలోలున్న ఒక లాబ్రడార్ సరిగ్గా ఉండొచ్చు, అదే 30 కిలోలున్న మరో లాబ్రడార్ అయిదు కిలోల అదనపు కొవ్వు మోస్తూ ఉండొచ్చు. ఆ తేడా కాటా మీద కనపడదు, చేతికి తెలుస్తుంది.

దీనికి సామాను ఏమీ అక్కర్లేదు. ఉదయం తిండి పెట్టకముందు, గట్టి నేల మీద, నాలుగు కాళ్ల మీద నిలబెట్టండి. మంచం మీదో సోఫా మీదో పడుకోబెట్టి చూస్తే లెక్కలోకి రాదు.

ముందు పైనుంచి చూడండి. పక్కటెముకలు అయిపోయాక నడుము లోపలికి నొక్కుకుని ఉండాలి. భుజం నుంచి తుంటి దాకా ఒకే వెడల్పుగా ఉంటే అనుమానించాల్సిందే. తర్వాత మీరు కింద కూర్చుని పక్కనుంచి చూడండి, ఛాతీ దాటాక పొట్ట గీత వెనక్కాళ్ల వైపు పైకి లేవాలి. బొచ్చు ఎక్కువున్న కుక్కల్లో ఈ రెండూ కళ్లకు సరిగా తెలియవు, స్నానం చేయించి ఒళ్లు తడిగా ఉన్నప్పుడు చూస్తే తెలుస్తాయి.

ఇక పక్కటెముకలు. అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

కుక్క వెనక నిలబడండి, అది చూసే వైపే మీరూ చూడాలి. బొటనవేళ్లు వెన్ను మీద ఆనించి, మిగతా వేళ్లను రెండు పక్కలా పరిచి, పక్కటెముకల మధ్య భాగం నుంచి వెనక్కి మెల్లగా జరపండి. నిమిరేటప్పుడు ఎంత ఒత్తిడి పెడతామో అంతే. వేలి కొసలతో పొడవకూడదు, ఎందుకంటే గట్టిగా నొక్కితే బాగా లావున్న కుక్కకైనా ఎముక తగులుతుంది, తగిలింది కదా అని "మావాడు బానే ఉన్నాడు" అనేస్తారు. భుజం దగ్గర చర్మం వదులుగా, మందంగా ఉంటుంది, అక్కడ చూడకండి. బొచ్చు మీద చెయ్యి పెట్టి తేల్చేయకండి, వేళ్లు బొచ్చులోంచి దూరి చర్మానికి తగలాలి. ఒక పక్కే చూసి వదిలేయడం కూడా తప్పే, కుక్క ఒక కాలి మీద భారం వేసి నిలబడితే ఆ పక్క చర్మం ముడుచుకుని మోసం చేస్తుంది.

తగిలింది ఎలా ఉందో మీ చేతితోనే పోల్చుకోవాలి. ఎడమచెయ్యి పిడికిలి బిగించి, కుడిచేతి వేళ్లతో మెటికల మీద నిమరండి. పక్కటెముకలు అంత గరుగ్గా తగిలితే కుక్క బాగా సన్నగా ఉన్నట్టు. ఇప్పుడు పిడికిలి విప్పి, చెయ్యి వెనక వైపు నిమరండి, పలచటి చర్మం కింద ఒక్కో ఎముకా తెలుస్తోంది కదా, కుక్క పక్కటెముకలు అచ్చం ఇలా ఉండాలి, కళ్లు మూసుకుని లెక్కపెట్టగలగాలి. చెయ్యి తిప్పి వేళ్ల మొదట్లో, అరచేతి మెత్త మీద నిమరండి. ఎముక ఉందని తెలుస్తుంది గానీ దొరకదు. కుక్క దగ్గర అలా అనిపిస్తే దానికి కొవ్వు పట్టినట్టే. ఎంత నిమిరినా ఎముకే దొరక్కపోతే, తోక మొదట్లో కూడా చెయ్యి పెట్టి చూడండి, మెత్తటి దిండులా ఉంటే విషయం ముదిరింది.

కళ్లతో చూసి ఊరుకోకుండా చేత్తో తడమమని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. రోజూ చూసే కుక్క కొద్దికొద్దిగా లావెక్కితే ఇంట్లోవాళ్లకు తెలియనే తెలియదు. ఇది అందం గొడవ కాదు. 48 లాబ్రడార్లను కూనలుగా ఉన్నప్పటి నుంచి చివరిదాకా గమనించిన ఒక అధ్యయనం 2002లో వచ్చింది. అందులో సగానికి, మిగతా సగం కంటే 25 శాతం తక్కువ తిండి పెట్టారు. అవి మధ్యస్థంగా 13 ఏళ్లు బతికాయి, రెండో గుంపు 11.2 ఏళ్లు. కీళ్లనొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. ప్రేమతో ఇంకో ముక్క వేసే ముందు ఈ దాదాపు రెండేళ్ల తేడా గుర్తుంచుకోండి.

వెటర్నరీ డాక్టర్లు దీన్నే 9 పాయింట్ల స్కేల్ మీద రాస్తారు. 4, 5 సరైనవి, ఆపైన ప్రతి పాయింటుకీ సుమారు 10 శాతం అదనపు బరువు. 7 వచ్చిన 30 కిలోల కుక్క నిజానికి 25 దగ్గర ఉండాలి. కాటా పని ఇప్పుడు మొదలవుతుంది: కుక్కను ఎత్తుకుని బరువు చూసుకుని మీ బరువు తీసేయండి, ఎత్తలేనంత పెద్దదైతే క్లినిక్‌లో చూపించండి. వారానికి ఒకటి, రెండు శాతం తగ్గితే చాలు, అంతకంటే తొందర వద్దు. ట్రీట్లు రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదు, ఇంట్లో ఎవరెవరు ఏం పెడుతున్నారో కూడా లెక్కలోకి రావాలి.

గ్రేహౌండ్ లాంటి వేటకుక్కలకు చివరి పక్కటెముకలు పైకి కనిపించడం మామూలే, వాటిని చూసి కంగారుపడి తిండి పెంచకండి. చిన్న కుక్కపిల్లలకు, కడుపుతో ఉన్నవాటికి ఈ లెక్క పనికిరాదు. ముసలి కుక్కల్లో కండ కరిగి వెన్నెముక తేలుతుంది, పొట్ట మాత్రం వేలాడుతుంది. వెన్ను, పక్కటెముకలు బాగా తగులుతూ పొట్ట ఒక్కటే ఉబ్బినా, తిండి పెంచకుండానే ఒళ్లు పెరుగుతున్నా డైటింగ్ మొదలుపెట్టకండి. అది నీరు చేరడం కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు కావచ్చు, ముందు రక్తపరీక్ష చేయించండి. పొట్ట ఉన్నట్టుండి గంటల్లో ఉబ్బి, కుక్క వాంతి రాక ఓకరిస్తూ ఉంటే మాత్రం మర్నాటిదాకా ఆగకూడదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.